కంప్యూటర్‌లో కటింగ్: ముందు ప్రింటు సంగతి తేల్చుకోండి, తర్వాతే సాఫ్ట్‌వేర్

బ్లౌజు కటింగ్‌ను కంప్యూటర్‌లో గీసుకుందామనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "ఏ సాఫ్ట్‌వేర్ మంచిదక్కా?" అని. నేను తిరిగి అడిగేది, "ప్రింటు ఎక్కడ తీయిస్తావమ్మా?" అని. చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి నెల రోజులు పెడతారు, ప్రింటు గురించి మాత్రం జిరాక్సు షాపు మెట్లెక్కాక ఆలోచిస్తారు. ఈ వరస తిరగెయ్యాలని నా గట్టి నమ్మకం. మీరు కుట్టేది ఏమిటి, అది ఏ సైజు కాగితం మీద పడుతుంది, ఆ ప్రింటు మీకు దగ్గరలో ఎవరు తీస్తారు అన్నవి తేలితే సాఫ్ట్‌వేర్ ఎంపిక సగం అయిపోయినట్టే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా గీత గీస్తుంది. తెర మీద తొమ్మిది అంగుళాలున్న గీత కాగితం మీద కూడా తొమ్మిది అంగుళాలే దిగిందా లేదా అన్న దాని మీదే బ్లౌజు నిలబడుతుంది.

విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి ముందుగదిలోనే నా కుట్టుపని. పన్నెండేళ్లు బ్రౌన్ పేపర్ మీద గీసి, బాగా కుదిరినవాటిని అట్టకు ఎక్కించుకుని కోశాను. మా అక్క కూతురు పట్టుబట్టి నేర్పిస్తే గత నాలుగేళ్లుగా కంప్యూటర్‌లో గీస్తున్నాను. ఈ నాలుగేళ్లలో వాడి చూసినవి, వాడి వదిలేసినవి, ప్రింటు దగ్గర తగిలిన దెబ్బలు అన్నీ కలిపి చెబుతాను. పెళ్లిళ్ల సీజన్ మొదలవక ముందే చదివితే మంచిది. చేతినిండా పని ఉన్నప్పుడు కొత్త పద్ధతిలోకి మారకూడదు.

ఏ కాగితం మీద ఏది పడుతుంది

బ్లౌజుతో మొదలుపెడదాం, మన ఊళ్లో ఎక్కువమంది కుట్టేది అదే కాబట్టి. 36 సైజు బ్లౌజు వెనక ముక్క సగం తీసుకోండి. చెస్ట్‌లో నాలుగో వంతు 9 అంగుళాలు, లూజుకు అర, పక్క కుట్ల లోపల వదిలేది ఒకటిన్నర. మొత్తం వెడల్పు 11 అంగుళాలు. పొడవు మార్జిన్లతో కలిపి 16 అనుకుందాం. సెంటీమీటర్లలో చెప్పాలంటే సుమారు 28 అడ్డం, 40న్నర నిలువు.

ఏ4 కాగితం 21 బై 29.7 సెంటీమీటర్లు. ప్రింటర్ అంచులు పోను, అతికించడానికి కాస్త వదలగా మిగిలేది 18 బై 27. అంటే ఆ ఒక్క ముక్కకే నాలుగు కాగితాలు. ముందు ముక్క, చెయ్యి, పట్టీలు కలిపితే బ్లౌజు మొత్తానికి పది పన్నెండు పేజీలు అవుతాయి. అవన్నీ నేల మీద పరిచి, ఫ్యాన్ ఆపి, గమ్ముతో అతికించాలి. ఒక్కో జాయింటు దగ్గర ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా మూడు జాయింట్లు దాటేసరికి మూడు మిల్లీమీటర్లు అవుతుంది.

ఏ3 చూడండి. 29.7 బై 42 సెంటీమీటర్లు. చుట్టూ అర సెంటీమీటరు అంచు పోయినా ఇందాకటి వెనక ముక్క ఒక్క కాగితం మీద సరిపోతుంది. జాయింటు లేదు, గమ్ము లేదు. ఏ3 ప్రింటు తీసే మిషన్ కాలేజీల పక్కనున్న జిరాక్సు షాపుల్లో చాలాచోట్ల ఉంటుంది. ఈ సంగతి తెలిశాక నేను బ్లౌజుకు ఏ4 ముఖం చూడలేదు. పెద్ద ప్రింటు అనగానే అందరూ ప్లాటర్ (రోలు కాగితం మీద పెద్ద డ్రాయింగులు తీసే మిషన్) వైపు చూస్తారు గానీ బ్లౌజుకు ప్లాటర్ అక్కర్లేదు.

పెద్ద సైజులకు ఒక కిటుకు ఉంది. 42 సైజుకు మార్జిన్‌తో కలిపితే వెడల్పు పన్నెండున్నర అంగుళాలై ఏ3 లోంచి బయటికి పోతుంది. అప్పుడు కుట్టు గీత వరకే ప్రింటు తీయండి, మార్జిన్ బట్ట మీద సుద్దతో వేసుకోండి. మార్జిన్ లేకుండా 42 సైజు వెనక ముక్క మళ్లీ 11 అంగుళాలే. చేతి అలవాటు ఉన్న టైలర్లకు ఇది కొత్తేమీ కాదు, బ్రౌన్ పేపర్ మీద ఎప్పుడూ చేసేదే. డాట్స్ (ఒంటి తీరు కోసం కుట్టే మడతలు) వల్ల ముందు ముక్క అంతకంటే వెడల్పు వస్తే దానికి మాత్రం రెండు ఏ3లు అతికించుకోవాల్సిందే.

కుర్తీకి లెక్క మారుతుంది. 44 అంగుళాల పొడవంటే 112 సెంటీమీటర్లు. ఏ0 కాగితం 84.1 బై 118.9 సెంటీమీటర్లు కాబట్టి పొడవు పడుతుంది. ముందు సగం, వెనక సగం పక్కపక్కన పెడితే 26 అంగుళాలు, మిగిలిన చోట మడత మీద చెయ్యి. 36 అంగుళాల రోలు మీద ఇదంతా హాయిగా వస్తుంది. ప్యాంటుకు, పొడవు గౌనుకు, షేర్వాణీకి కూడా ప్లాటరే సుఖం.

అంబ్రెల్లా లంగాకు మాత్రం ఏ ప్రింటూ వద్దు. నడుము 30 అయితే 30ని 6.28తో భాగించండి, నాలుగు ముప్పావు అంగుళాలకు కాస్త పైన వస్తుంది. దానికి 40 పొడవు కలిపితే దాదాపు 45. ఆ పావు చక్రం 36 అంగుళాల రోలు మీద పట్టదు. మడత మూల దగ్గర టేపు చివర నొక్కిపట్టి చాపంలా సుద్ద తిప్పితే రెండు నిమిషాల పని. కలీల అనార్కలీకి ఒక్క కలీ ప్రింటు తీసుకుని అన్నీ దాంతోనే కోసుకోవచ్చు. ప్రతి ముక్కా కంప్యూటర్ నుంచే రావాలన్న పట్టుదల డబ్బు దండగ.

నాలుగు శాతం చేసే నష్టం

మొదటి సంవత్సరం శ్రావణంలో ఒక పెళ్లికూతురి తల్లి బ్లౌజు. కంచి పట్టు, చేతులకు జరీ అంచు. ఆవిడ చెస్ట్ 36. రెండు అంగుళాల లూజుతో చుట్టూ 38 వచ్చేలా గీసి, పీడీఎఫ్ చేసి, ఇంటి దగ్గర షాపులో ప్రింటు తీయించాను. ముక్కలు చక్కగా వచ్చాయి, గీతలు స్పష్టంగా ఉన్నాయి. కోశాను, కుట్టాను. వేసి చూస్తే ఊపిరి బిగబట్టుకుని నిలబడింది ఆవిడ. చంక దగ్గర బట్ట లాగేస్తోంది, చెయ్యి పట్టేసింది.

రాత్రి కాగితాలు ముందేసుకుని టేపు పెట్టి కొలిస్తే అంతా నూటికి తొంభై ఆరు వంతులే ఉంది. 38 కాస్తా 36న్నర అయింది. ఇచ్చిన రెండు అంగుళాల లూజులో ఒకటిన్నర కాగితమే మింగేసింది. 15 అంగుళాల పొడవు 14.4 అయింది, 12 అంగుళాల చేతి చుట్టు 11న్నర అయింది. పక్క కుట్లలో వదిలిన బట్ట విప్పి నడుము, చెస్ట్ సరిచేశాను. చంక చుట్టు మాత్రం విప్పినా పెరగదు. అక్కడ కోసేసిన బట్ట తిరిగి రాదు కదా. మిగిలిన పీసులోంచి చంక కింద చిన్న ముక్క అతికి ఇచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు, మళ్లీ నా దగ్గరికి రాలేదు.

షాపు అబ్బాయిని అడిగితే, "పేజీ అంచులు కట్ అవుతాయని ఫిట్ పెట్టాను మేడమ్, అందరికీ అలాగే తీస్తాం" అన్నాడు. అతని తప్పు లేదు. హాల్‌టికెట్‌కు, ఆధార్ కార్డుకు అదే సరైన పద్ధతి. నాలుగు శాతం తగ్గితే అక్షరాలు చదవడానికి ఇబ్బంది లేదు. ఇళ్ల ప్లాన్లు తీసే ప్లాటర్ షాపుల్లో కూడా అంతే, గది పొడవు ఇన్ని అడుగులని అంకె రాసే ఉంటుంది కాబట్టి ప్లాన్ కాస్త చిన్నదైనా మేస్త్రీకి నష్టం లేదు. కాగితాన్నే బట్ట మీద పెట్టి కోసేది మనం. అందుకే ఈ జాగ్రత్త మనమే అడిగి చేయించుకోవాలి.

ఏం అడగాలో చెబుతాను. ఫైలు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటో అయితే అసలు కొలత పోతుంది. షాపులో దాన్ని బ్రౌజర్‌లోంచి కాకుండా అక్రోబాట్ రీడర్‌లో తెరవమనండి. ప్రింటు పెట్టెలో "యాక్చువల్ సైజ్" మీద చుక్క ఉండాలి. "ఫిట్" గానీ "ష్రింక్ ఓవర్‌సైజ్డ్ పేజెస్" గానీ ఉండకూడదు. మీ ఫైలు ఒకే పెద్ద పేజీగా ఉండి ఇంట్లో ఏ4 ప్రింటరే ఉంటే అదే పెట్టెలో "పోస్టర్" అని ఉంటుంది. టైల్ స్కేల్ నూరు శాతం పెట్టి, ఓవర్‌ల్యాప్‌కు అర అంగుళం ఇచ్చి, కట్ మార్క్స్‌కు టిక్కు పెడితే రీడరే పేజీలుగా విడగొట్టి ఇస్తుంది. దీనికి డబ్బులు కట్టక్కర్లేదు. పాత ఏ4 ముక్కల పీడీఎఫ్ ఉండి దాన్ని ప్లాటర్‌కు ఒకే షీటుగా కలపాలంటే పీడీఎఫ్‌స్టిచర్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది.

ఇక కొలిచి చూసుకునే చదరం. చాలా ప్యాటర్న్లలో, అంటే కటింగ్ డ్రాయింగుల్లో, మూలన ఒక అంగుళం చదరం వేస్తారు. అది చాలదు. నాలుగు శాతం తగ్గినప్పుడు అంగుళంలో పోయేది ఒక్క మిల్లీమీటరు, కంటికి ఆనదు. కనీసం పది సెంటీమీటర్ల చదరం వేయండి, తగ్గితే 9.6 కనిపిస్తుంది. ప్లాటర్ ప్రింటుకు అదీ చాలదు. ఒక శాతం తేడా పది సెంటీమీటర్లలో ఒక మిల్లీమీటరే, 44 అంగుళాల కుర్తీలో మాత్రం అర అంగుళానికి దగ్గర పడుతుంది. అందుకని ప్లాటర్ ఫైల్లో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి ఇరవై అంగుళాల గీతలు గీసి పెడతాను. రెండు దిక్కులా ఎందుకంటే, రోలు తిరిగే దిక్కులో, ప్రింట్ హెడ్ నడిచే దిక్కులో తేడా వేరువేరుగా రావచ్చు.

కొలిచేది స్టీలు స్కేలుతోనే. ఏళ్ల తరబడి వాడిన టైలరింగ్ టేపు సాగి ఉంటుంది. నా పాత టేపును స్కేలు పక్కన పెడితే అరవై అంగుళాల దగ్గర పావు అంగుళం తేడా కనిపించింది. ఇప్పుడు షాపుకు వెళ్తే సంచిలో స్టీలు స్కేలు ఉంటుంది. మొదటి కాగితం బయటికి రాగానే కౌంటర్ మీదే పరిచి కొలుస్తాను, సరిగ్గా ఉంటేనే మిగతావి తీయమంటాను.

ప్లాటర్ షాపుకు వెళ్లేముందు ఫోన్ చేసి రోలు వెడల్పు అడగండి. 36 అంగుళాల రోలంటే 914 మిల్లీమీటర్లు, 24 అంగుళాలదంటే 610. నేను పేజీ వెడల్పు 880 మిల్లీమీటర్లకు కుదించి ఫైలు చేస్తాను, అంచుల్లో ఏదీ కట్ కాదు. లైన్ డ్రాయింగ్, బ్లాక్ అండ్ వైట్ అని ముందే చెప్పండి, రంగు నింపిన బొమ్మ ధర వేరు. ఇంజినీర్ల ఆఫీసులు, ప్లాన్ అప్రూవల్ చూసేవాళ్లు ఎక్కడుంటే ఈ షాపులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, విజయవాడైనా గుంటూరైనా. ఫ్లెక్స్ షాపులో తీయించవద్దు. ఆ షీటు చుట్టచుట్టుకుపోతుంది, మన ఎండకు సాగుతుంది, సుద్ద గీత పక్కన నిలవదు.

సాఫ్ట్‌వేర్ల సంగతి

ఇక్కడ మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగాలి. ఒక్కో మనిషికి ఒక్కో కొలతతో కుడతారా, లేక ఒకే డిజైన్‌ను ఐదారు సైజుల్లో కుట్టి అమ్ముతారా?

మొదటి రకం పనికి, అంటే ఇంట్లో కుట్టే మనలాంటివాళ్లకు, నేను గట్టిగా చెప్పేది సీమ్లీ2డీ లేదా వాలెంటీనా. రెండూ ఉచితం. రెండూ ఒకప్పుడు ఒకటే ప్రాజెక్టు, 2017లో విడిపోయాయి, పని తీరు ఇప్పటికీ దగ్గర దగ్గరగా ఉంటుంది. వీటి గొప్పతనమంతా కొలతల ఫైలు వేరుగా, డ్రాయింగ్ వేరుగా ఉండడంలో ఉంది. వెనక ముక్క వెడల్పు గీసేటప్పుడు 9న్నర అని అంకె వేయం, "చెస్ట్ కొలత బై నాలుగు ప్లస్ అర" అని ఫార్ములా వేస్తాం. మెడ, భుజం, చంక లోతు అన్నీ అలాగే. గురువు దగ్గర నోటితో నేర్చుకున్న సూత్రాలే ఇవి. తర్వాత ఇంకొకావిడ వస్తే ఆవిడ కొలతల ఫైలు తెరిస్తే చాలు, మొత్తం డ్రాయింగ్ ఆవిడకు తగ్గట్టు దానంతటదే కదిలి సర్దుకుంటుంది.

దీన్ని మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. చెస్ట్ 36 తీసి 40 కొట్టాను. చంక గుండ్రం మెల్లగా కిందికి దిగింది, డాట్ కొన పక్కకు జరిగింది. బ్రౌన్ పేపర్ మీద గంటసేపు రబ్బరు, పెన్సిలుతో చేసే పని. మా అక్క కూతురు పక్కనుంచి, "ఏంటి పిన్నీ, అలా చూస్తున్నావు?" అంది.

ఇబ్బందులు చెప్పకపోతే తప్పు. మొదటి బ్లౌజు గీయడానికి నాకు మూడు వారాలు పట్టింది. చేత్తో పది నిమిషాల్లో గీసే చంక గుండ్రాన్ని ఇక్కడ బిందువు బిందువుగా కట్టాలి, ఏ బిందువు దేన్ని పట్టుకుని ఉందో గుర్తుంచుకోవాలి. అంగుళాల్లో పావు, అర, ముప్పావులు దశాంశాల్లో వేయాలి. తొమ్మిదింపావు అంటే 9.25, అంగుళంలో ఎనిమిదో వంతు అంటే 0.125. ఫైలు తెరిచినప్పుడే అంగుళాలా సెంటీమీటర్లా అని అడుగుతుంది. కొలతల ఫైలుకు, డ్రాయింగుకు ఒకటే పెట్టండి. ఇంకో ముఖ్యమైన మాట: ఫార్ములా తప్పయితే తప్పు కూడా అందరికీ సమానంగా పంచుతుంది. నా చంక లోతు సూత్రం 34 నుంచి 38 వరకు బాగా కుదిరేది, 44కు చంక మరీ కిందికి జారింది. పెద్ద సైజుకు ఒకటి, చిన్న సైజుకు ఒకటి పాత చీర ముక్కలో కుట్టి వేసి చూశాకే ఆ డ్రాయింగును నమ్మండి.

మార్జిన్ ఒక్కో అంచుకు ఒక్కో రకంగా ఇచ్చుకోవచ్చు. మెడకు పావు, చంకకు అర, పక్కకు ఒకటిన్నర. చివర్లో లేఅవుట్ దగ్గర కాగితం సైజు ఎంచుకుంటే ముక్కలు సర్ది పీడీఎఫ్ ఇస్తుంది, ఏ4 పేజీలుగా కావాలన్నా ఇస్తుంది. బ్లౌజుకు నేను ఏ3 పెడతాను.

ఫ్రీసూయింగ్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, అదీ ఉచితమే. అక్కడ గీయక్కర్లేదు, కొలతలు కొడితే ప్యాటర్న్ తయారై పీడీఎఫ్ వస్తుంది. సైమన్ అనే షర్టు, బెల్లా అనే ఆడవాళ్ల బాడీ బ్లాకు (పై ఒంటికి మూల డ్రాయింగు) అందులో ఉన్నాయి. షర్టు కుట్టే మగ టైలర్లకు, పిల్లలకు, ఇంట్లోవాళ్లకు కుట్టుకునేవాళ్లకు మంచి దారి. అయితే అవి పాశ్చాత్యుల కట్టు ప్రకారం గీసినవి. చీర మీద వేసే, ఒంటికి అంటిపెట్టుకునే క్రాస్ కట్ బ్లౌజు అందులోంచి తీయాలంటే మళ్లీ చాలా మార్చుకోవాలి. బయటి ప్యాటర్న్లు ఏవి కొన్నా ఇదే గమనించండి. అమెరికా ప్యాటర్న్లలో కుట్టు మార్జిన్ మామూలుగా 5/8 అంగుళం. ఒళ్లు వస్తే విప్పుకోవడానికి లోపల ఒకటిన్నర రెండు అంగుళాలు వదలడం మన అలవాటు. కోసే ముందు పక్కల్లో కలుపుకోండి.

ఇంక్‌స్కేప్, కోరల్‌డ్రా గీతల సాఫ్ట్‌వేర్లు. ఫార్ములాలు ఉండవు, గీసింది గీసినట్టే ఉంటుంది. ఇప్పటికే కుదిరిన అట్టలు మీ దగ్గర ఉండి, వాటిని భద్రపరుచుకోవడమే పనైతే ఇవి చాలు. ఇంక్‌స్కేప్ ఉచితం. కోరల్‌డ్రాకు డబ్బు కట్టాలి గానీ శుభలేఖలు, ఫ్లెక్సులు చేసే ఆపరేటర్లకు అది చేతిలో పని, వీధికొకరు దొరుకుతారు. కొలతలు ఇచ్చి పక్కన కూర్చుని గీయించుకోవచ్చు. ఇంక్‌స్కేప్‌లో ఒక చోట జాగ్రత్త. 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌లో అంగుళానికి 90 చుక్కల లెక్కను 96కు మార్చారు. అంతకు ముందు చేసిన ఫైలు సరిగా మార్చకుండా తెరిస్తే నూటికి 93.75 వంతుకు తగ్గిపోతుంది. అడోబ్ ఇలస్ట్రేటర్ లెక్క అంగుళానికి 72, అక్కణ్నుంచి వచ్చిన ఎస్‌వీజీ (గీతల బొమ్మ) ఫైలు ముప్పాతికకు కుదించుకుపోవచ్చు. వేరేవాళ్లు ఇచ్చిన ఫైలు తెరవగానే తెలిసిన గీత ఒకటి కొలిచి చూడండి, ప్రింటు దాకా ఆగొద్దు.

రెండో రకం పని, అంటే రెడీమేడ్ బ్లౌజులో, స్కూలు యూనిఫారాలో వందల్లో కుట్టే యూనిట్‌కు ఇవేవీ సరిపోవు. వాళ్లకు సైజు సైజుకు పెంచుకుంటూ పోయే గ్రేడింగ్ కావాలి. చెస్ట్ రెండు అంగుళాలు పెరిగితే ప్రతి పావు ముక్కకు అర అంగుళం చొప్పున, అన్ని మూలలూ లెక్క ప్రకారం జరగాలి. అంతకంటే ముఖ్యంగా, బట్ట పన్నా (వెడల్పు) చెబితే ముక్కలన్నీ తక్కువ వేస్టుతో అమర్చే మార్కర్ కావాలి. విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో తానులు తానులుగా కొనేవాళ్లకు ఆ మిగిలే బట్టే లాభం. గెర్బర్ ఆక్యుమార్క్, లెక్ట్రా మోడారిస్, ఆప్టిటెక్స్, టుకాకాడ్ ఇందుకు పుట్టినవే. గెర్బర్‌ను 2021లో లెక్ట్రాయే కొనేసింది. ఖరీదైనవి, నేర్చుకున్న మనిషిని జీతానికి పెట్టుకోవాలి. కొనేముందు గ్రేడింగ్, మార్కర్ బయట చేయించుకుని ప్లాటర్ ప్రింటు తెచ్చుకునే దారి మీ దగ్గర్లో ఉందేమో వెతకండి. ఫైలు డీఎక్స్‌ఎఫ్‌లో కూడా (చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగలిగే ఫైలు రకం) అడిగి తీసుకోండి, రేపు వేరే చోటుకు వెళ్లినా పనికొస్తుంది.

క్లో 3డీ, మార్వెలస్ డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్లు కుట్టబోయే బట్టను తెర మీద బొమ్మకు తొడిగి చూపిస్తాయి. డిజైనింగ్ చదువుకునే పిల్లలకు, బట్ట కోయకముందే కస్టమర్‌కు చూపించాలనుకునే బొటిక్‌లకు బాగుంటుంది. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి, చందా కడుతూ ఉండాలి. మన వీధి టైలర్‌కు దీనితో అవసరం లేదు.

కాగితమే లేకుండా ప్రొజెక్టర్‌తో గీతలను నేరుగా బట్ట మీద వేసే పద్ధతి కూడా ఉంది. ప్యాటర్న్ ప్రొజెక్టర్ అని ఉచిత యాప్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కొలతల మ్యాట్ మీద నాలుగు మూలలు కుదిర్చి సరిచేసుకోవాలి. రోజుకో కొత్త డిజైన్ కోసేవాళ్లకు కాగితం, గమ్ము ఖర్చు ఆదా. నేను నెల రోజులు ప్రయత్నించి మానేశాను. ప్రొజెక్టర్‌ను టేబుల్‌కు సరిగ్గా పైన, అస్సలు కదలకుండా బిగించాలి. మా గదిలో ఆ చోట ఫ్యాన్ ఉంది. ఫ్యాన్ తిరిగితే గీత వణుకుతుంది, రోహిణి కార్తెలో ఫ్యాన్ ఆపి కటింగ్ చేయలేం. పగలు కిటికీలు మూసేస్తే తప్ప గీత కనబడదు. స్టాండు వేసుకోగలిగే చోటు, ఏసీ ఉన్న గది ఉంటే ఆలోచించండి.

ఎవరికి ఏది

కొత్తగా కుట్టు నేర్చుకుంటున్నవాళ్లు ఒక సంవత్సరం కంప్యూటర్ జోలికి పోవద్దు. చేత్తో కనీసం ఓ యాభై బ్లౌజులు గీస్తే తప్ప సాఫ్ట్‌వేర్‌లో ఏ గీత ఎందుకు వేస్తున్నామో తెలియదు. ఇంట్లోవాళ్లకు షర్టులు, నైట్‌ప్యాంట్లు కుట్టుకునేవాళ్లకు ఫ్రీసూయింగ్, ఏ4 ప్రింటరు చాలు.

బ్లౌజులే జీవనాధారమైనవాళ్లకు సీమ్లీ2డీ, ఏ3 జిరాక్సు షాపు, ఒక స్టీలు స్కేలు. నా ఓటు ఇదే. కుర్తీలు, గౌన్లు కూడా కుడితే వాటితో పాటు ఒక ప్లాటర్ షాపును మాట్లాడుకోండి. ఎప్పుడూ అదే షాపుకు వెళ్లండి. రెండు మూడుసార్లు అయ్యాక ఆ అబ్బాయికి మన పని అలవాటవుతుంది. ఇప్పుడు నేను వెళ్లే షాపులో నన్ను చూడగానే "యాక్చువల్ సైజే కదా మేడమ్" అంటాడు. అయినా స్కేలు తీస్తాను.

ఆది జాకెట్టు ఇచ్చి వెళ్లేవాళ్లకు ఇవన్నీ ఎలా పనికొస్తాయని కొందరు అడుగుతారు. ఆది జాకెట్టును పరిచి పదిహేను కొలతలు తీసి ఆవిడ పేరుతో ఫైలు చేసుకుంటాను. మళ్లీ వచ్చినప్పుడు ఆది తేవడం మర్చిపోయినా పని ఆగదు. ఫైలు పేరులో నెల, సంవత్సరం తప్పకుండా ఉండాలి. కాన్పు తర్వాత, అనారోగ్యం తర్వాత కొలతలు మారతాయి, పాత ఫైలుతో కోసేస్తే ఇబ్బంది.

పాత అట్టలున్నవాళ్లు వాటిని పారేయకండి. కానీ అట్ట అంచు పట్టుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించవద్దు. నాకు పని నేర్పినావిడ ఇచ్చిన 36 సైజు అట్ట ఒకటి నా దగ్గర ఏళ్ల తరబడి ఉంది. దాన్ని గీసుకుందామని బయటికి తీసి, ఆవిడ చెప్పిన సూత్రం ప్రకారం కొత్తగా గీసిన ప్రింటు పక్కన పెట్టాను. భుజం సరిగ్గా ఉంది. చంక గుండ్రం మాత్రం పావు అంగుళం లోపలికి అరిగిపోయి ఉంది, ఇన్నేళ్లు సుద్ద అంచున రాసుకుంటూ వెళ్లిన చోటు అది. కొన్నేళ్లుగా కొందరు చంక దగ్గర కాస్త వదులైందని ఎందుకు అంటున్నారో అప్పుడు తెలిసింది. సూత్రంతో గీసిన కొత్త ముక్కను ఏ3 మీద తీయించి, కొలిచి, అట్టకు అతికించి పాతదాని పక్కనే తగిలించాను.